గచ్చు కింది నేల

టైలరమ్మ పెరట్లో గచ్చు చెడిపోయిందన్న సంగతి మనుషులకంటే ముందు కుట్టుమిషన్లకు తెలిసింది. గోడవార వేసిన మిషన్లు బుద్ధిగా నడిచేవి. అటు చివర మూలనున్న మిషను మాత్రం తొక్కినప్పుడల్లా మొండి గుర్రంలా ఒక కాలు పైకి లేపేది. ఆ కాలి కింద అట్టముక్క పెట్టారు. వారం తిరక్కుండానే అట్ట చాల్లేదు, చెక్కముక్క పెట్టారు. తర్వాత చెక్క కింద ఇంకో చెక్క. ఆ మిషను మీద ఎవరు కూర్చున్నా కుట్టు వంకర పోయేది, దారం తెగేది, సూది విరిగేది. చివరికి ఒకనాటి ఉదయం పెరటి తలుపు తీసేసరికి గచ్చు ఈ కొస నుంచి ఆ కొసకు నిలువునా పగిలి ఉంది. మూల కిందికి కుంగి, అందులో నాలుగు చినుకుల నీళ్ళే మడుగు కట్టి నిలబడ్డాయి.

టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పగులు వంక చాలాసేపు చూసింది. ఆవిడ అంత తేలిగ్గా డీలా పడే మనిషి కాదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ముందుగది కిటికీ పక్కన కూర్చుని ఇరుగుపొరుగు చిరుగులు కుట్టడంతో మొదలుపెట్టింది. చిరుగుల నుంచి గౌన్లకు, గౌన్ల నుంచి కోట్లకు ఎదిగింది. ఆవిడ కత్తెర పడితే గుడ్డే పక్కకు తప్పుకుని దారి ఇస్తుందనేవారు. నేర్చుకుంటామని ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళ వెనక వాళ్ళ వదినలు, ఆ వదినల తోడికోడళ్ళు. ముందుగది నిండింది, నడవ నిండింది, ఆఖరికి ఆవిడ భర్త కంచం పెట్టుకోవడానికి గుడ్డల కుప్పల మధ్య చోటు వెతుక్కునే రోజు వచ్చింది.

"నన్ను కూడా కొలతలు తీసుకుని ఎక్కడో ఓ చోట మడతపెట్టెయ్యవే," అనేవాడాయన. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే మనిషి. మాట నెమ్మది, వేలు నెమ్మది, వెటకారం మాత్రం చురుకు.

అందుకే పెరట్లో గచ్చు పోయించారు. పైన టార్పాలిన్ కట్టించి, మిషన్లన్నీ అక్కడికి చేర్చారు. ఆ ఏడే ఊళ్ళోని పెద్ద బడివాళ్ళు వచ్చి, సెలవుల్లో యూనిఫారాలన్నీ కుట్టివ్వగలరా అని అడిగారు. టైలరమ్మ ఊపిరి కూడా తీసుకోకుండా ఒప్పుకుంది. ఇప్పుడు సెలవులు దగ్గర పడ్డాయి, గచ్చేమో రెండు ముక్కలయింది.

ఆ కోపమంతా గచ్చు పోసిన మేస్త్రీ మీదకు మళ్ళింది. వీధి మలుపులో కనిపించగానే ఆవిడ అతన్ని నిలేసింది.

"ఏం మేస్త్రీ, సిమెంటు పోశావా, అప్పడం వేశావా?"

"నా మాలులో లోపం లేదమ్మా. ఇసుక జల్లించి మరీ కలిపాను. కింద నేల మోసం చేసింది."

"నేల మోసం చేస్తుందా! నేలకేం తెలుసయ్యా మోసం? మనుషులకే తెలుసు ఆ విద్య."

నలుగురూ నవ్వారు. మేస్త్రీ ముఖం చిన్నబుచ్చుకుని, తాపీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కబురు పెట్టినా రాలేదు.

ఇంకొకతన్ని పిలిపించారు. అతను పగిలిన ముక్కను బూటుతో ఒకసారి తట్టి, "దీని మీదే ఇంకాస్త మందంగా పోసేద్దామమ్మా, వందేళ్ళు కదలదు," అన్నాడు. అప్పుడు వరండాలోంచి ఒక గొంతు ఇల్లదిరేలా పలికింది.

"కుంగిన వాడి నెత్తిన ఇంకో మూట పెడితే లేస్తాడా, ఇంకా కుంగుతాడా?"

ఆ గొంతు టైలరమ్మ బావగారిది. ఆమె భర్తకు స్వయానా అన్న. ఊరంతా 'రోలర్ బావ' అనేది. పనిచేసినన్నాళ్ళూ రోడ్డు రోలరు నడిపాడు. ఆ యంత్రం హోరులో అరిచి అరిచి, ఆయనకు నెమ్మదిగా మాట్లాడటమన్నది మరుపున పడింది. పక్కనున్న మనిషిని మంచినీళ్ళు అడిగినా పక్కవీధిలో తలుపులు తెరుచుకునేవి. ఉద్యోగం అయిపోయాక మనిషి వరండా కుర్చీకి అతుక్కుపోయాడు. ఏం అడిగినా, "నాదేముంది, నా పని అయిపోయింది," అనేవాడు. ఇంటి సంగతుల్లో ఆయన నోరు విప్పడం చాలా రోజుల తర్వాత ఇదే.

టైలరమ్మ ఆ వచ్చినతన్ని మర్యాదగా పంపించేసి, వరండాలోకి వచ్చి నిలబడింది.

"మరి ఏం చెయ్యమంటారు బావగారూ?"

"ఆ గచ్చు కింద ఏం వేశారమ్మాయ్?"

"ఏం వేస్తారు? మట్టే."

"నల్లమట్టి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే చిక్కుతుంది. దాని మీద గచ్చు పోయడమంటే నిద్రపోయే ఏనుగు మీద పక్కేసుకోవడమే. అది ఒత్తిగిల్లితే నీ పనేం కాను?" ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "జనం రోడ్డును పైన చూస్తారమ్మా. రోడ్డు బతికేది కింద. పైదంతా తీసి పారెయ్. మెత్తమట్టి తవ్వి గట్టినేల దాకా వెళ్ళు. కంకర పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టు. అప్పుడు పిలువు మేస్త్రీని."

"మనమే చెయ్యగలమంటారా?"

"నాదేముంది..." అని మొదలుపెట్టి, మరదలి కళ్ళలో చూసి ఆగిపోయాడు రోలర్ బావ. "చెయ్యొచ్చు," అన్నాడు.

మర్నాటి నుంచి కుట్టు క్లాసుకు వచ్చినవాళ్ళ చేతికి సూదికి బదులు తట్టలు వచ్చాయి. మిషన్లను నడవలోకి చేర్చి, పైన టార్పాలిన్ విప్పేశాక, ముందుగా టైలరమ్మే సమ్మెట ఎత్తింది. మొదటి దెబ్బకు గచ్చు నుంచి చిన్న పెచ్చు లేచి వెక్కిరించినట్టు ఎగిరింది. రెండో దెబ్బకు పగులు నోరు తెరిచింది. ఇక ఆగలేదు. ఆడవాళ్ళు పలకలు పలకలుగా విరిగిన ముక్కలను వీధి చివరికి మోశారు. వాళ్ళలో పొడుగమ్మాయి అని ఒకతె ఉండేది, నోరు ఊరుకోదు. "అక్కా, కాజా కుట్టడం నేర్చుకుందామని వస్తే కొండ తవ్విస్తున్నారు," అంటూనే అందరికంటే ఎక్కువ తట్టలు మోసింది.

తర్వాత తవ్వకం. గడ్డి వేళ్ళు, మెత్తటి పైమట్టి మొత్తం తీసేశారు. తీసేకొద్దీ మట్టి రంగు మారి, పార దిగడం కష్టమయింది. పార ఖంగుమన్నప్పుడల్లా వరండా నుంచి పెరట్లోకి మారిన కుర్చీలోంచి రోలర్ బావ, "అదీ! ఆ చప్పుడు కావాలి!" అని కేక పెట్టేవాడు.

వాటం చూసే పని భర్తకు అప్పగించారు. ఇంటి గోడ వైపు ఎత్తు, కాలువ వైపు పల్లం ఉండాలి, అదీ కంటికి కనిపించనంతగా. నీళ్ళు మాత్రం ఆ తేడాను పసిగట్టాలి, కాలువ దారి పట్టాలి. ఆయన నీళ్ళు నింపిన సన్నటి ట్యూబు ఒక కొస తాను పట్టుకుని, ఇంకో కొస భార్యకిచ్చి, మేకులకు కట్టిన దారాన్ని వెంట్రుకవాసి పైకీ కిందికీ జరిపాడు.

"చాలు లెండి, కళ్ళజోడు కాదు బిగించేది," అంది టైలరమ్మ చేతులు పీకి.

"కళ్ళజోడైతే తప్పు ఒక ముక్కు మీదే పడుతుంది. ఇది ఇంటిల్లిపాది నెత్తిన పడుతుంది," అన్నాడాయన తల ఎత్తకుండా.

పళ్ళెంలా చదునుగా గుంత తయారైంది. కంకర మర్నాడు వస్తుందనగా, ఆ మధ్యాహ్నం ఎక్కడా లేని వాన విరుచుకుపడింది. వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికెరుక అంటారు కదా. టార్పాలిన్లు తెచ్చి కప్పేలోపే కట్టలు తెగినట్టు నీళ్ళు దిగాయి. కష్టపడి చదును చేసిన నేల చూస్తూ చూస్తూండగానే చెరువైంది. పక్కింటి పిన్నిగారు గొడుగేసుకుని ప్రహరీ మీదుగా తొంగిచూసి, "చేపపిల్లలు వదులుతారా ఏమిటి టైలరమ్మా?" అంది.

"వదులుతాం పిన్నిగారూ. పెద్దవైతే మొదటిది మీకే," అంది టైలరమ్మ నవ్వుతూ. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం కత్తిరించే బల్ల మీద తల వాల్చి కూర్చుంది. యూనిఫారం గుడ్డ కట్టలు కప్పు దాకా ఉన్నాయి. మిషన్లు ఒకదాని మీద ఒకటి నడవలో పడి ఉన్నాయి. భర్త టీ కప్పు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

తెల్లవారి చూస్తే పెరట్లో చుక్క నీరు లేదు!

పొడుగమ్మాయి గంతులేసింది. "చూశారా అక్కా, దేవుడు మన వైపే ఉన్నాడు!"

రోలర్ బావ మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నల్లమట్టి ఇంత తొందరగా నీళ్ళు తాగదు. తాగితే పిల్లిలా కొంచెం కొంచెం తాగుతుంది. అన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

టైలరమ్మ గుంతలోకి దిగింది. బురద పాదాలను పట్టుకుంటుంటే అటూ ఇటూ చూసింది. ఆకులూ పుల్లలూ చెత్తా అంతా ఒకే మూలకు కొట్టుకుపోయి, సుడి తిరిగినట్టు గుండ్రంగా పేరుకుని ఉన్నాయి. మిషను కాలు లేపిన మూలే అది. గచ్చు కుంగిన మూలే అది. ఆవిడ గునపం అందుకుని ఆ సుడి నడుమ గుచ్చింది. వెన్నలో కత్తి దిగినట్టు గునపం పిడికిలి దాకా దిగిపోయింది.

ప్రహరీ అవతలి నుంచి పిన్నిగారు నోరు తెరిచింది. "అయ్యో, ఇప్పుడు గుర్తొస్తోంది! మీ మామగారికి ఈ ఇల్లు అమ్మినవాళ్ళకు అక్కడ ఇంకుడు గుంత ఉండేదే. కాలువ వచ్చాక చెత్తాచెదారం పోసి మూసేశారు."

భర్త గుంత అంచున గొంతుక్కూర్చుని నెమ్మదిగా అన్నాడు. "ఒక మాట చెప్పనా? సెలవులు మొదలైపోయాయి. దాని మీద నాలుగు బండరాళ్ళు వేసి, కంకర పోసి కప్పేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"మిషనుకు తెలుస్తుంది," అంది టైలరమ్మ.

ఆయన చొక్కా చేతులు మడిచి తనూ దిగాడు.

ఆ మూల తవ్వుతుంటే ఒక సంసారమే బయటికి వచ్చింది. పగిలిన కుండపెంకులు, పుచ్చిన తలుపు చెక్క, పిడిలేని గొడుగు, తుప్పు పట్టిన డబ్బాలు, ఎవరిదో ఒంటి చెప్పు. వాటి మధ్య బొరియల్లాంటి ఖాళీలు. పక్కమట్టి మీద పడకుండా అంచులను వాలుగా కోయమని రోలర్ బావ పైనుంచి కేకలేస్తూనే ఉన్నాడు. ఛాతీలోతు దిగాక టైలరమ్మ చేతిలోని గునపం ఖంగుమంది. ఆ చప్పుడు విని గట్టు మీది ఆడవాళ్ళంతా ఒక్కసారిగా "అదీ! ఆ చప్పుడు కావాలి!" అని అరిచారు. రోలర్ బావకు వాళ్ళు తనను వెక్కిరిస్తున్నారని తెలుసు. అయినా ముఖం వెలిగిపోయింది.

టైలరమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుంది. చీర మార్చుకోకుండానే, బురద మరకలతోనే, మేస్త్రీ పనిచేస్తున్న చోటికి వెళ్ళింది. అతను ఎవరిదో ప్రహరీ కడుతున్నాడు. ఆవిడను చూసి తాపీ ఆపలేదు.

"మేస్త్రీ, నిన్ను వీధిలో నిలబెట్టి మాటన్నాను. వీధిలోనే చెబుతున్నా, విను. నీ మాలులో లోపం లేదు. కింద పాత ఇంకుడు గుంత ఉంది. నేల మోసం చేసిందన్నావు, నిజమే చెప్పావు. నాదే తొందరపాటు."

చుట్టూ పనిచేస్తున్నవాళ్ళు ఆగి చూశారు. మేస్త్రీ తాపీ కింద పెట్టి, మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నేనూ గునపం గుచ్చి చూసుండాల్సిందమ్మా. పైన పచ్చిక బాగుంటే లోపల బాగుందనుకున్నాను." తువ్వాలు మళ్ళీ మెడలో వేసుకుని అడిగాడు. "గుంత పూడ్చారా?"

"రేపటి నుంచి."

"పెద్ద రాళ్ళు అడుక్కి వెయ్యండి. సందులు వదలొద్దు. ఆ పని పూర్తయ్యాక కబురు పెట్టండి. నేనొస్తాను. ఈసారి చూసి మరీ పోస్తాను."

కంకర వచ్చింది. లారీవాడు వీధిలో గుమ్మరించి వెళ్ళిన గుట్టను తట్టలతో పెరట్లోకి మోస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. చూస్తూ నిలబడలేక పిన్నిగారు కూడా కొంగు బిగించి ఒక తట్ట అందుకుంది. పాత గుంతను అడుగున రాళ్ళతో, రాళ్ళ సందుల్లో చిన్న రాళ్ళతో, పైన కంకరతో నింపి, ప్రతి పొర మీదా నీళ్ళు చిలకరించి దిమ్మిసలతో కొట్టారు. ఇనుప దిమ్మిస ఎత్తి వేస్తుంటే మొదట్లో మెత్తగా 'దబ్' మనేది. కొట్టగా కొట్టగా గొంతు మారి 'ఠక్' మనేది. ఆ ఠక్కు వినిపించే దాకా రోలర్ బావ పై పొర వెయ్యనివ్వలేదు.

"అంతా ఒక్కసారే పోసి పైన కొడితే?" అని పొడుగమ్మాయి అడిగింది.

"పైన చర్మం గట్టిపడుతుంది, పొట్ట మెత్తగా ఉంటుంది. మొదట్నుంచీ నీకు చెప్పేది అదేగా! బెత్తెడు వెయ్యి, కొట్టు. మళ్ళీ బెత్తెడు వెయ్యి, కొట్టు."

పెరడంతా పరిచిన కంకరను కొట్టడానికి మాత్రం చేతి దిమ్మిసలు చాలవని, మోటారుతో అదిరే యంత్రం అద్దెకు తెప్పించారు. తెచ్చినవాడు దాన్ని దించి, ఎవరు నడుపుతారని అడిగాడు. అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి.

"నాదేముంది, నా పని..." అన్నాడు రోలర్ బావ.

"బావగారూ," అంది టైలరమ్మ, "ఈ మాట ఇంకోసారి మీ నోట వినిపిస్తే మీ కుర్చీ కూడా కంకర కింద వేయిస్తాను."

రోలర్ బావ పంచె ఎగగట్టాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి నూనె చూశాడు. తాడు అందుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇంజను దగ్గి, ఉమ్మి, హోరెత్తింది. ఆ హోరులో ఆయన వంగిన వీపు నిటారైంది. గోడ వెంట ఒక వరస, దాన్ని కాస్త కలుపుకుంటూ ఇంకో వరస, మూలల్లో తిప్పి మళ్ళీ వెనక్కి. ఒక్క జానెడు నేల వదల్లేదు. ఆ హోరులో మిగతావాళ్ళు కూడా గొంతు చించుకుని మాట్లాడాల్సి వచ్చింది. చాలా ఏళ్ళకు మొదటిసారి ఆ ఇంట్లో అందరి గొంతూ రోలర్ బావ గొంతుకు సరిజోడైంది.

"కింద ఎలా ఉందన్నయ్యా?" అని తమ్ముడు అరిచాడు.

"బతుకుతోందిరా!" అని అన్న అరిచాడు.

మేస్త్రీ తానిచ్చిన మాట ప్రకారం వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి మడమతో తన్ని చూశాడు. గోడ దగ్గర తన్నాడు, నడుమ తన్నాడు. సిమెంటు బస్తాల బండిని ఈ కొస నుంచి ఆ కొసకు తోయించి, చక్రాల జాడ పడిందేమోనని వంగి చూశాడు. గీత కూడా లేదు. ఆఖరున ఆ మూలకు వెళ్ళి, భారీ మనిషి, ఉన్నచోటే ఎగిరి దూకాడు. నేల ఉలకలేదు, పలకలేదు. చెంబుతో నీళ్ళు తెప్పించి గోడ మొదట్లో కట్టిన దారం వెంట పోశాడు. నీళ్ళు ఒక్కక్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, కంకర సందుల్లోంచే కాలువ వైపు తడి దారి తీశాయి.

"నేను ఇన్నేళ్ళుగా గచ్చులు పోస్తున్నాను," అన్నాడు మేస్త్రీ. "ఇలాంటి నేల మీద పోసే అదృష్టం ఎప్పుడో గాని రాదు. దీని మీద లారీ నిలబెట్టినా కదలదమ్మా."

"లారీ ఏం ఖర్మ, రోలరు ఎక్కించు!" అని పెరడదిరేలా అన్నాడు రోలర్ బావ.

అంచులకు చెక్కలు బిగించారు, కింద పాలిథీన్ షీటు పరిచారు, పైన ఇనుప జాలీ వేశారు. మేస్త్రీ మనుషులు పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే కాంక్రీటు పోసి, బద్దతో లాగి నున్నగా చేశారు. తర్వాత తడి గోనెలు కప్పి ఎండనివ్వకుండా చూసుకునే పని. టైలరమ్మ నడవలో ఇరుక్కున్న మిషన్ల మీదే కుట్టుపని మొదలుపెట్టించి, గంటగంటకూ లేచి గోనెలు తడిపింది. పసిబిడ్డకు కూడా ఇంత సేవ చేయరని భర్త అన్నాడు. "బిడ్డ ఏడిచి చెబుతుంది. ఇది చెప్పదుగా," అంది.

మిషన్లు కొత్త గచ్చెక్కిన రోజున టైలరమ్మ తిన్నగా ఆ మూల మిషను దగ్గరికి వెళ్ళింది. అంచుల దాకా నీళ్ళు పోసిన గ్లాసు దాని మీద పెట్టి, తనే కూర్చుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. చక్రం గిర్రున తిరిగింది. సూది కనిపించనంత వేగంగా ఆడింది. గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి, చుక్క తొణకలేదు. కుట్టు గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఇక కూర్చోండి," అంది టైలరమ్మ. "సెలవులు మన కోసం ఆగవు."

మిషన్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఒకరు కాలర్లు, ఒకరు జేబులు, ఒకరు గుండీలు. పొడుగమ్మాయి ఆ మూల మిషను నాదంటే నాదని పోట్లాడి మరీ పుచ్చుకుంది. నడుమ ఒకరోజు మొదటి వానకు తాతలాంటి వాన కురిసింది. అందరూ పాదాలు పైకి పెట్టుకుని చూస్తుండగానే, మళ్ళీ కట్టిన టార్పాలిన్ అంచుల నుంచి గచ్చు మీద పడిన నీళ్ళు వరస కట్టి కాలువలోకి దిగాయి. వాన వెలిసిన కాసేపటికే నేల ఆరింది. వాటం చూసిన కళ్ళజోళ్ళాయన ఆ సాయంత్రం ఈలేసుకుంటూ తిరిగాడు.

యూనిఫారాలు చెప్పిన రోజుకు కట్టలు కట్టి బడికి చేరాయి. మొదటి గంట కొట్టే వేళకు టైలరమ్మ వీధి మలుపులో నిలబడింది. తన చేతి కుట్లు తొడుక్కుని పిల్లలు గుంపులు గుంపులుగా, తోసుకుంటూ, పరుగెత్తుతూ ఆవిడ పక్కనుంచే పోయారు. ఒకడి కాలరు మడత లేచి ఉంటే ఆపి సరిచేసింది. వాడు ఆవిడెవరో తెలియక వింతగా చూసి పారిపోయాడు. ఆవిడ నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది. గుమ్మం ముందు పక్కవీధి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"టైలరమ్మగారూ, మా పెరట్లో కూడా గచ్చు పోయించాలనుకుంటున్నాం. మేస్త్రీని అడిగితే ముందు మీకు చూపించమన్నాడు."

"పదండి," అంది టైలరమ్మ, చెప్పులు విడవకుండానే. తర్వాత వరండా వైపు తిరిగి, ఆ వీధిలో అంతవరకూ ఒక్క రోలర్ బావకే చేతనైన గొంతుతో కేకేసింది. "బావగారూ, లేవండి, పనుంది!"